గరిటెకు పేరు లేని ఊరు

మంచుసముద్రం ఒడ్డునున్న మా ఊరు నూగార్సిక్‌లో సలోమినకు చాటున ఇంకో పేరుంది: ఎందుకమ్మ. ఎదురుగా ఎవరూ అనరు. అంటే "ఎందుకలా అంటున్నారు?" అని పట్టుకుంటుంది, ఇక ఆ పూటకు పనులు సాగవు. పొద్దున్నే తలుపు తీసి, నిన్న ఆ పక్కనున్న మంచుకొండ ఇవాళ ఈ పక్కకెందుకు వచ్చిందంటుంది. కుక్క తోక ఊపకపోతే ఎందుకు ఊపలేదంటుంది. పాదిరిగారు ఆదాము అవ్వల కథ చెబుతుంటే, చలికాలంలో వాళ్ళు ఏం తొడుక్కున్నారండీ అని నిండు సభలో అడిగిన మనిషి. ఆయన ఇప్పటికీ మా ఊళ్ళో ఆ కథ జోలికి వెళ్ళడు.

అలాంటిదానికి దొరికిన మొగుడు మాత్రం ఏం అడిగినా "ఊరికే" అనేవాడు. ఎటు వెళ్ళావంటే ఊరికే. ఎందుకు నవ్వావంటే ఊరికే. మంచి వేటగాడు, చేతికి ఎముక లేని మనిషి, మాటల దగ్గరకొచ్చేసరికి మహా పిసినారి. ఆయన పేరు నేనిక్కడ చెప్పను. పోయిన చలికాలం దగ్గొచ్చి పోయాడు. ఆ పేరు ఇంకా ఏ బిడ్డకూ పెట్టలేదు, పెట్టేదాకా మేం ఎవరమూ నోట అనం. కొత్త ఒంట్లోకి చేరేదాకా పేరు బయట చలిలోనే తిరుగుతుంది, దాన్ని ఉత్తినే పిలిచి ఊరించడం పాపం. చర్చి పుస్తకంలో ఉండే సలోమినలు, బొలెత్తలు వేరే లెక్క. మా సొంత పేర్లన్నీ రోజూ వాడుకునే మాటలే. మనిషి పోతే ఆ మాట కూడా మూలబడుతుంది, దాని బదులు ఇంకోటి కల్పించుకుని పని గడుపుకుంటాం. బిడ్డకు ఒక్కటే పిలుపు పేరు. ఒకరికి ఇద్దరి పేర్లు పెడితే ఇద్దరూ సరిగ్గా చేరరు.

నలభై ఏళ్ళ కిందట, సముద్రపు పాయకు అవతలున్న ఊరి నుంచి సలోమిన కోడలిగా వచ్చిన రోజున ఈ సంగతే కొంప ముంచింది. అత్తగారు పొయ్యి మీద సీలు మాంసం చారు కాస్తోంది. ఇంటినిండా చుట్టాలు. సలోమిన చలాకీగా లేచి, "గరిటె ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను వడ్డిస్తాను" అంది. పుట్టినూళ్ళో గరిటెను ఏమంటారో అదే మాట అంది, పాపం. నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. మామగారు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అత్తగారు గరిటె ఆమె చేతిలో పెట్టి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అప్పుడు ఆడపడుచు బొలెత్త దగ్గరకు జరిగి, "ఇక్కడ దాన్ని తోడేది అంటాం" అని చెవిలో చెప్పింది.

ఎందుకని సలోమిన అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక అడక్కుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. ఎవరో పోయారని అర్థమైంది. ఎవరని అడిగితే ఆ ఇంటివాళ్ళ చేత అనకూడనిది అనిపించినట్టవుతుందని నోరు కట్టుకుంది. కానీ ఆ రోజు నుంచి అత్తగారు బతికున్నన్నాళ్ళూ ప్రతి పూటా గరిటెను తనే తెచ్చి కోడలి చేతికి అందించేది. అందించి, కదలకుండా ఆమె మొహంలోకి చూస్తూ నిలబడేది. నా తప్పు గుర్తు చేస్తోంది ముసల్ది అని సలోమిన లోలోపల ఉడికిపోయేది. "తోడేది ఇచ్చారా అత్తయ్యా" అని ఒకటికి రెండుసార్లు చూసుకుని అనేది. అత్తగారు తల ఊపి వెళ్ళిపోయేది.

ఇక ఆగస్టు సంగతి. ఏటా ఆగస్టులో ఒక రోజు సలోమిన మొగుడు కొండ మెడ, అంటే కనుమ, దాటి, అవతలున్న పాతిళ్ళ తీరానికి ఒంటరిగా నడిచి వెళ్ళేవాడు. అత్తింటివాళ్ళు ఒకప్పుడు అక్కడే ఉండేవాళ్ళు. వేట తగ్గిందని ఇటు వచ్చేశారని చెప్పుకునేవారు. ఇప్పుడక్కడ పురుగు కూడా లేదు. తుపాకీ పట్టుకెళ్ళి ఒక్క పిట్టనైనా తెచ్చేవాడు కాదు. ఖాళీ చేతులతో ఇల్లు చేరిన వేటగాడు మొహం మాడ్చుకుంటాడు. ఈయన కులాసాగా వచ్చి టీ అడిగేవాడు. ఎందుకు వెళ్ళావంటే షరా మామూలే.

ఈ ఏడు కూతురు యుదితకు మగబిడ్డ పుట్టాడు. నాలుగో కాన్పు, ఇక నా వల్ల కాదు అనేసింది. సలోమిన కొడుకులిద్దరూ పెళ్ళి ఊసెత్తరు. ఆదివారం పాదిరిగారి పడవ వస్తుంది, పేరు పెట్టాలి. తాత పేరేనని ఊరంతా ఖాయం చేసేసింది. ఆ పేరు సలోమిన కంటే ఎక్కువగా ఎవరికి కావాలి? చలికాలం నుంచీ మొగుడి పేరు నాలుక మీదికి వస్తుంటే మింగుతోంది. పెట్టేశాక ఆ పసివాణ్ణి ఒళ్ళో వేసుకుని, నోరారా పేరు పెట్టి పిలిచి, నలభై ఏళ్ళ ఊరికేలకూ కలిపి ఒక పూటంతా తిట్టాలని కూడా అనుకుంది. కానీ పేరుతో పాటు మనిషికి తెమలని పనులు కూడా బిడ్డకు వచ్చి చుట్టుకుంటాయి. అదీ ఆమె భయం.

"అక్కడేముందో తెలీకుండా పసివాడి నెత్తిన ఎలా పెట్టనే?" అంది కూతురితో.

"నాన్న గాలి కోసం వెళ్ళేవాడమ్మా."

"ఇక్కడ గాలి లేదా? ఉన్న గాలికే మన పైకప్పు రెండుసార్లు ఎగిరింది."

"అయితే ఏంటి నీ అనుమానం? అక్కడ ఎవత్తైనా ఉందంటావా?"

"ఉందో లేదో చూసొచ్చాక చెప్తా."

ఈ ముక్క మా ఊళ్ళో ఎంతసేపు దాగుతుంది? శుక్రవారం పొద్దున సలోమిన మొగుడి తుపాకీ భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి, బొలెత్త వాకిట్లో రాయి మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. సలోమిన కంటే పదేళ్ళు పెద్ద. మోకాళ్ళు ఏనాడో చేతులెత్తేశాయి.

"ఎక్కడికి వదినా?"

"నువ్వెక్కడికో అక్కడికే."

"కొండెక్కాలి. మీకు మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి. పద. అక్కడ ఎలుగ్గొడ్డు తప్ప ఇంకో ఆడది లేదని కళ్ళారా చూపించి, నీ నోరు మూయిస్తే గానీ నాకు నిద్ర పట్టదు."

ఊరు దాటాక వాగు పక్కనే దారి. తడినేల మీద దూదిగడ్డి తెల్లగా విరబూసి ఉంది. గాలి పడిపోయిన చోటల్లా దోమలు మొహాన్ని కమ్మేస్తున్నాయి. నల్లటి చిన్న పళ్ళు ఏరుకుని నోట్లో వేసుకుంటూ సలోమిన ముందు నడిచింది. వెనకాల బొలెత్త అడుగడుక్కీ కొండను తిడుతోంది. వాగు రెండుగా చీలిన చోట పెద్ద బండ, దాని మీద పలకలాంటి చిన్న రాయి. సలోమిన ఆగిపోయింది.

"ఇదెవరు పెట్టారు వదినా?"

"మీ ఆయన."

"ఎందుకు?"

"మంచు కమ్మితే దారి తప్పకుండా. దీనికి కూడా ఎందుకేనా? వాడు నీతో నలభై ఏళ్ళు ఎలా వేగాడే తల్లీ."

"ఏటా వచ్చేవాడికి గుర్తెందుకు?" అంది సలోమిన. అడగవలసిన ప్రశ్నే. బొలెత్త వినపడనట్టు దోమను కొట్టుకుంది.

పైకి పోయేకొద్దీ గడ్డి పోయి బండరాళ్ళు వచ్చాయి, కాళ్ళ కింద కదిలే రకం. నీడపట్టున కరగకుండా మిగిలిన పాత మంచు మీద ఎర్రగా చార ఉంది. సలోమిన వంగి వేలితో గీకి, వాసన చూసి, నాలుక చివర పెట్టుకుంది. ఎండాకాలంలో మంచు ఎందుకు ఎర్రబడుతుందో ఆమెకు ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రాళ్ళ సందుల్లో అక్కడక్కడా అలాంటి పలకరాయి కనబడుతూనే ఉంది. ప్రతిదాన్నీ ఒకసారి చేత్తో తాకి కదిలింది. ఆయన చేతులు పెట్టినవని అనుకోగానే చెయ్యి వెనక్కి రానంది. దానికి కోపమని పేరు పెట్టుకుని ఎక్కేసింది.

కొండ మెడ మీద గాలి కోసేస్తోంది. ఇటు చూస్తే మా ఊరి ఇళ్ళు, ఆరేసిన చేపల పందిళ్ళు. అటు చూస్తే అంతా సముద్రం, మంచుకొండలు ఒక్కటీ కదలకుండా నిలబడి ఉన్నాయి. రాయి చాటున కూర్చుని ఇద్దరూ టీ తాగి, ఎండుచేప నమిలారు. అంతవరకూ వాగుతూ వచ్చిన బొలెత్త అక్కడ నోరు మూసింది. దిగేటప్పుడు తనే ముందు నడిచింది. దారి వెతుక్కోలేదు, మోకాళ్ళ ఊసెత్తలేదు.

సలోమిన వెనకనుంచి, "ఎన్నేళ్ళయింది వదినా ఇటొచ్చి?" అంది.

"ఊరికే మాట్లాడకు, జారుతుంది" అంది బొలెత్త. ఆ వంశానికంతటికీ అదొక్క మాటే కాబోలు అనుకుంది సలోమిన.

కిందికి చేరేసరికి ఆటు. నీళ్ళు వెనక్కి పోయి, నల్లరాళ్ళ నిండా నాచు, నాచు కింద ఆల్చిప్పలు. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన దుంగలు ఎండకు తెల్లబడి పడున్నాయి. ఇసుకలో ఎలుగ్గొడ్డు అడుగు ఒకటి కనబడితే సలోమిన తుపాకీ చేతిలోకి తీసుకుని చుట్టూ చూసింది. అడుగు అంచులు రాలిపోయి ఉన్నాయి, పాతదే. పాత ఇళ్ళ పైకప్పులు ఏనాడో కూలాయి. మట్టిగోడల మధ్య నడుమెత్తు గడ్డి పెరిగింది. సలోమిన ప్రతి ఇంట్లోకీ వంగి దూరింది. ఒకచోట పగిలిన రాతి దీపం ముక్క, ఒకచోట నీలం పూస. పొయ్యిబూడిద లేదు, పరుపు లేదు, మనిషి మసలిన జాడ లేదు.

"ఎవత్తైనా కనబడిందా?" అంది బొలెత్త బయటినుంచి.

"ఇంకా వెతుకుతున్నా."

ఇళ్ళు దాటి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన మీదికి వెళ్ళింది. అక్కడ కయాకులు, అంటే ఒక్క మనిషి నడిపే తోలు పడవలు, ఎత్తి పెట్టే రాతి దిమ్మెలున్నాయి, పడవకు రెండేసి. చాలామటుకు కూలిపోయాయి, మిగిలినవాటిని నాచు మింగేసింది. ఒక్క జత మాత్రం నిటారుగా ఉంది. మీద నాచు లేదు. జారిన రాళ్ళను ఎవరో ఎత్తి తిరిగి పేర్చారు. ఈ ఎండాకాలపు పిట్టల రెట్ట, సందుల్లో మొలిచిన లేత గడ్డి తప్ప అంతా శుభ్రం. లేని పడవకు దిమ్మెలు కడిగి పెట్టడం ఏమిటి? సలోమిన వాటి చుట్టూ తిరిగింది, చేత్తో తడిమింది, వంగి సందుల్లోకి చూసింది. బొలెత్త వచ్చి పక్కన నిలబడింది.

"వదినా, ఇవి మామయ్యవా?"

బొలెత్త కాదన్నట్టు ముక్కు చిట్లించింది.

"మా ఆయనవా?"

మళ్ళీ చిట్లించింది. "వాడప్పటికి చిన్నవాడు. వాడికి కయాకు లేదు."

"మరి?"

బొలెత్త గుప్పెడు నాచు పీకి రాతి మీద రెట్ట తుడవడం మొదలుపెట్టింది. "నువ్వు కాపురానికొచ్చిన రోజు తోడేదాన్ని మీ ఊరి మాటతో అడిగావు చూడు."

"అడిగాను. అత్తయ్య లేచి వెళ్ళిపోయారు. అది ఇప్పుడెందుకు?"

"ఆ మాటే. ఆ మాట మా అన్నయ్య."

నలభై ఏళ్ళలో ఆ ఇంట్లో అన్నయ్య అన్న పిలుపు సలోమిన వినలేదు. బొలెత్త తుడుస్తూనే చెప్పింది, సలోమిన వైపు చూడకుండా.

"మాలో పెద్దవాడు. ఒకరోజు ఇంటి పెద్ద పడవ సరిగ్గా కట్టలేదు. రాత్రి పోటుకు తాడూడి కొట్టుకుపోయింది. నాన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. పడవ లేకుండా నా మొహం చూడకు అన్నాడు. ఆగస్టు అది. వాడు ఈ దిమ్మెల మీంచే కయాకు దించుకుని వెతకడానికి పోయాడు. మర్నాడు పోటుకు పడవ దానంతటదే ఒడ్డుకొచ్చింది. వాడు రాలేదు."

"మరి పేరు ఎవరికీ..."

"నాన్న ఒప్పుకోలేదు. ఆ పేరు నా చెవిన పడకూడదన్నాడు. కోపం కాదే, తట్టుకోలేక. ఇక్కడ ఉండలేక అందర్నీ కొండ దాటించింది కూడా అందుకే. వేట తగ్గిందన్నది మాట వరసకి. మీ ఆయనకి మాత్రం అన్నయ్య వస్తాడని నమ్మకం. వస్తే కయాకు ఎక్కడ పెడతాడని. మొదట్లో నేనూ వచ్చేదాన్ని మీ ఆయనతో. తర్వాత మోకాళ్ళు పోయాయి. దారిలో ఆ రాళ్ళు మీ ఆయన తనకోసం పెట్టుకున్నవి కాదు. తిరిగొచ్చే అన్నయ్య ఊరు కొండ అవతలికి మారిందని తెలుసుకోవద్దూ?"

సలోమిన దిమ్మెకు ఆనుకుని కూర్చుండిపోయింది. "అత్తయ్య నన్ను అసహ్యించుకున్నారనుకున్నాను. చచ్చేదాకా ఆ తోడేది పట్టుకొచ్చి నా మొహంలోకి చూసేవారు."

"పిచ్చిదానా. కొడుకు పేరు అన్నేళ్ళ తర్వాత ఒక మనిషి నోట వింది. బయటికి పోయి ఏడ్చింది, నేను చూశాను. మళ్ళీ ఎప్పుడైనా నోరు జారతావేమోనని తోడేది నీకే తెచ్చిచ్చేది. నువ్వేమో మహా బుద్ధిమంతురాలివైపోయి, తోడేది ఇచ్చారా అత్తయ్యా, తోడేది ఇచ్చారా అత్తయ్యా..."

ఆమె తన గొంతును అలా వెక్కిరిస్తుంటే సలోమినకు నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "మామయ్య పోయాకైనా ఎవరో ఒకరు పెట్టాల్సింది" అంది.

"ఎవరికి పెడతాం? నాకు పిల్లలేరి? ఉన్నది నీ పిల్లలు. ఒకడికి మీ నాన్న పేరు, ఒకడికి మీ మేనమామ పేరు, యుదితకు మీ అమ్మమ్మ పేరు. కాన్పు కాకముందే ఊరంతా చాటేసేదానివి."

సలోమినకు ఆ మూడు కాన్పులూ కళ్ళముందు కదిలాయి. ప్రతిసారీ ఆయన మంచం పక్కకు వచ్చి నిలబడేవాడు. ఏదో అనబోయేవాడు. ఏంటి అని తను అడిగేది. ఊరికే అనేవాడు. ఇప్పుడు ఆయన ఎదురుగా ఉంటే రెండు చెంపలూ వాయించాలనీ, ఆ చేతుల్లోనే మొహం దాచుకోవాలనీ అనిపించింది. "రోజుకి వంద అడిగాను నేను. ఆయన ఒక్కటి అడగలేకపోయాడా వదినా?"

"మేం అడగం. మా ఇంట్లో అడగడం లేదు" అంది బొలెత్త. తర్వాత నాచు కింద పడేసి, "నువ్వొక్కదానివే అన్నావు ఆ మాట. నాకిక నోరు తిరగదు. ఇంకోసారి అంటావా? పాపమైతే నా నెత్తిన వేసుకుంటాను" అంది. జీవితంలో ఆమె ఒకరిని ఏదైనా అడగడం అదే మొదలు.

సలోమిన లేచి, సముద్రానికి అవతల నిలువునా ఉన్న కొండవైపు తిరిగింది. మొదట మామూలుగా, పొయ్యి దగ్గర గరిటె అడిగినట్టే అంది. అది గాలికి కొట్టుకుపోయింది. అప్పుడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా పిలిచింది.

"కలుత్."

అవతలి కొండ ఒక్క క్షణం ఆగి, అదే పేరు తిరిగి చెప్పింది. పిట్టలు లేచి గిరికీలు కొట్టి మళ్ళీ కూర్చున్నాయి. బొలెత్త దిమ్మెను పట్టుకుని నిలబడింది. మళ్ళీ అను అనలేదు గానీ, సలోమిన మళ్ళీ అంది. గొంతు బొంగురుపోయేదాకా అంటూనే ఉంది.

తర్వాత ఇద్దరూ కలిసి రెండో దిమ్మె కూడా శుభ్రం చేశారు. తిరిగి కొండెక్కుతుంటే సలోమిన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. భయమేసి బొలెత్తే కొండ మెడ మీద ఆగి, "ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"ఆదివారం సంగతి ఆలోచిస్తున్నా."

"నేనేం అడగలేదు."

"తెలుసు. మీరడగరు." తుపాకీ భుజం మార్చుకుని అంది, "ఆయన పేరు పిలవాలని ఎంత అనుకున్నానో తెలుసా వదినా. రాత్రిళ్ళు దుప్పట్లో నోరు మూసుకుని, పెదాలు మాత్రం కదిపేదాన్ని."

బొలెత్త ఆమె చెయ్యి పట్టుకుంది. వదలకుండా వాగు దాకా అలాగే దిగారు. చీకటి పడని రోజులు కాబట్టి సరిపోయింది, ఆ మోకాళ్ళతో ఇల్లు చేరేసరికి ఊరు నిద్రపోయింది.

ఆదివారం పాదిరిగారు చర్చి పేరేదో పుస్తకంలో రాసుకున్నాక, పిలుపు పేరు చెప్పడానికి సలోమిన పసివాణ్ణి అందుకుంది. యుదిత చిరునవ్వుతో చూస్తోంది. సలోమిన వాడి చెవిలో కాదు, అందరికీ వినపడేలా అంది. ముసలివాళ్ళు తలలు ఎత్తారు. యుదిత నవ్వు ఆగిపోయింది.

"అదేంటమ్మా, నాన్న పేరు కదా?"

"నాన్న ఆగుతాడు. ఆగడం ఆయనకు బాగా వచ్చు" అంది సలోమిన. పసివాణ్ణి గుండెకు హత్తుకుంది. ఆమెకు అది ఎంత కష్టమో ఆ చర్చిలో బొలెత్తకు ఒక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం యుదిత ఇంట్లో ఊరంతా భోజనానికి చేరింది. కుండ నిండా సీలు మాంసం చారు. పసివాడు తడిపేస్తే సలోమిన గుడ్డలు మారుస్తూ, "బావగారూ, మర్యాద ఉండాలండీ, మరదలి ఒళ్ళో ఇదేం పని?" అంటే ఇల్లంతా గొల్లుమంది. వాణ్ణి నిద్రపుచ్చి మూల పడుకోబెట్టి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి, కుండ ముందు బొలెత్త గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది.

"సలోమినా, ఆ తో..." అని ఆగిపోయింది. మింగింది. అటూ ఇటూ చూసింది. "ఆ కలుత్ ఇలా ఇయ్యి."

ఇల్లు మళ్ళీ ఆ మొదటి రోజులాగే మాటలు ఆపేసింది. సలోమిన గరిటె తీసి ఆమె చేతిలో పెట్టి, అత్తగారిలాగే కదలకుండా మొహంలోకి చూస్తూ నిలబడింది. మూలనుంచి పసివాడు ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకున్నాడు.

బొలెత్త గరిటె పట్టుకునే అటు తిరిగింది.

"నిన్ను కాదులే అన్నయ్యా," అంది. "చారుకి. నువ్వు పడుకో."